ఫ్లోరిడాలో గేటర్ వేట: ట్యాగు తీసుకోవడం నుంచి గోంగూర వేసి వండడం దాకా

"మొసలి మాంసం నీచు కొడుతుందట కదా?" మా ఇంటికి భోజనానికొచ్చిన ప్రతి కొత్త చుట్టమూ అడిగే మాట ఇది. సరిగ్గా చెయ్యకపోతే కొడుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ నీచు మసాలాతో పోయేది కాదు. పొయ్యి వెలిగించేనాటికే రుచి సంగతి తేలిపోయి ఉంటుంది. జంతువుని ఎంత త్వరగా చంపాం, ఎంతసేపట్లో ఐసులో పెట్టాం, కొవ్వు ఎంత ఓపికగా తీశాం, ఈ మూడింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే వంట గురించి అడిగినవాళ్ళకి కూడా పడవ దగ్గర్నుంచే మొదలుపెట్టి చెబుతాను.

ఇదంతా అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సంగతి. గేటర్ అంటే ఆలిగేటర్, మొసలికి దగ్గరి చుట్టం. మన దేశంలో ఆలిగేటర్ లేదు. మన మంజీరలోనూ కృష్ణలోనూ ఉండేది మగ్గర్ మొసలి. మగ్గర్, ఘరియాల్, ఉప్పునీటి మొసలి మూడూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. ఇక్కడ చదివినదాన్ని అక్కడ చేసి చూద్దామన్న ఆలోచన మనసులోకి కూడా రానివ్వొద్దు.

ముందు కాగితం

అమెరికన్ ఆలిగేటర్‌ని తోలు కోసం విచ్చలవిడిగా చంపి, 1967 నాటికి అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాల్సిన స్థితికి తెచ్చారు. వేట ఆపారు, కాపాడారు. అది కోలుకుంది. 1987లో పూర్తిగా కోలుకున్నట్టు ప్రకటించారు, ఆ మరుసటి ఏడాది నుంచి ఫ్లోరిడాలో అందరికీ వర్తించే వేట సీజను మొదలైంది. ఇప్పుడు ఈ రాష్ట్రంలో సుమారు 13 లక్షల గేటర్లున్నాయి, 67 కౌంటీల్లోనూ, అంటే మన జిల్లాల్లాంటివాటి అన్నిట్లోనూ, ఉన్నాయి. అయినా ప్రతి జంతువుకీ ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్కే ట్యాగు. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటీస్ కింద ఇచ్చే ట్యాగు ఇది. ట్యాగు లేని గేటర్ మీ పడవలో ఉంటే మీరు వేటగాడు కాదు, దొంగ.

పర్మిట్లు లాటరీలో ఇస్తారు. రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ మే నెలలో దరఖాస్తులు మొదలుపెడుతుంది. ఏటా 7 వేలకు పైగా పర్మిట్లు ఇచ్చినా, అడిగేవాళ్ళు అంతకు రెట్టింపు పైనే. 18 ఏళ్ళు నిండి ఉండాలి. ఒక్కో పర్మిట్‌కి రెండు ట్యాగులు, అంటే రెండు గేటర్లు. పర్మిట్ మీద ఏ సరస్సు లేదా ఏ కౌంటీ, ఏ వారం అన్నది రాసి ఉంటుంది. సీజను ఆగస్టు 15న మొదలై నవంబరు 1న ముగుస్తుంది. చాలా ఏళ్ళుగా ఫ్లోరిడా నివాసికి లైసెన్సూ ట్యాగులూ కలిపి 272 డాలర్లు, బయటి రాష్ట్రంవారికి 1,022 డాలర్లు ఉంటూ వచ్చింది. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏటి రుసుము, ఆ ఏటి నియమాలు కమిషన్ సైటులో మళ్ళీ చూసుకోండి, నియమాలు మారుతుంటాయి.

మీకు పర్మిట్ రాకపోయినా దారి ఉంది. ట్రాపింగ్ ఏజెంట్ లైసెన్సు తీసుకుంటే పర్మిట్ ఉన్న స్నేహితుడి పడవలో ఎక్కి సాయం చెయ్యొచ్చు. నేను మొదటి రెండేళ్ళు అలాగే మా పక్కింటి పెద్దాయన వెంట వెళ్ళాను. ఆ లైసెన్సు లేనివాళ్ళు కూర్చుని చూడొచ్చు గానీ తాడు కూడా పట్టుకోకూడదు.

హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్ళకి ఇంకో జాగ్రత్త. ఈ వీసాల వాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది గానీ, దాని హద్దులు న్యాయవాదిని అడిగి తెలుసుకోవాల్సినవే. గేటర్‌ని చంపడానికి వాడే బ్యాంగ్ స్టిక్ అనే కర్రలో పేలేది తుపాకీ తూటానే. అందుకని గ్రీన్ కార్డు వచ్చేదాకా నేను దాన్ని ముట్టుకోలేదు. తాడు పట్టాను, లైటు పట్టాను, పడవ నడిపాను. మీరూ అలాగే చెయ్యండి.

అపార్ట్‌మెంటు వెనక చెరువులో గేటర్ కనిపించిందని సంబరపడేవాళ్ళూ ఉంటారు. అది మీ వేట కాదు. మనుషుల్ని, పెంపుడు జంతువుల్ని ఇబ్బంది పెడుతుంటే కమిషన్‌కి ఫోన్ చేస్తే లైసెన్సున్న ట్రాపర్‌ని పంపుతారు. దానికి బ్రెడ్డు ముక్కలూ మిగిలిన అన్నమూ వెయ్యడం నేరం. తిండికి అలవాటు పడ్డ గేటర్ మనిషిని చూస్తే దగ్గరికొస్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది.

పడవలో ఏమేం ఉండాలి

పదహారు, పద్దెనిమిది అడుగుల అల్యూమినియం పడవ చాలు. పెద్ద ఇంజనుతో పాటు చప్పుడు చెయ్యని ట్రోలింగ్ మోటారు ఉండాలి, అది లేకుండా దగ్గరికి వెళ్ళడం కష్టం. తలకి కట్టుకునే లైట్లు, చేతి లైటు. గట్టి గాలపు కర్ర, దానికి పెద్ద మూడుకొక్కేల గాలం. హార్పూన్ అనే ముల్లున్న బల్లెం, దానికి తాడు, తాడు చివర బెండు. బ్యాంగ్ స్టిక్. పదునైన పొట్టి కత్తి, సన్నని ఇనుప ఊచ. ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్ట కాదు, మూడు చుట్టలు తీసుకెళ్ళండి. తడి చేతులతో ఒకటి నీళ్ళలో పడిపోవడం ఖాయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఐసు. వేటకి వెళ్తూ తాళ్ళూ గాలాలూ పదిసార్లు లెక్కపెట్టుకుని, ఐసు విషయంలో "వచ్చేటప్పుడు కొందాంలే" అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆగస్టులో ఫ్లోరిడా రాత్రి కూడా ఉక్కపోతే. పడవ దింపే రేవు దగ్గర, బండిలో, పెద్ద ఐసుపెట్టెల నిండా ఐసు సిద్ధంగా ఉండాలి. ఏడడుగుల గేటర్‌కి పది పౌన్ల సంచులు ఎనిమిదైనా కావాలన్నది నా అనుభవం.

దేన్ని వదిలెయ్యాలో తెలియాలి

రాత్రి నీళ్ళ మీద లైటు తిప్పితే గేటర్ కళ్ళు ఎర్రటి నిప్పుకణికల్లా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు కిసిమీ సరస్సు మీద ఎవరో దీపాలు పెట్టి వదిలారా అనిపించింది. కళ్ళు కనబడగానే పడవ పోనివ్వొద్దు. ముందు సైజు అంచనా వెయ్యండి. ముక్కు రంధ్రాల నుంచి కళ్ళ దాకా ఎన్ని అంగుళాలుంటే, మొత్తం జంతువు ఇంచుమించు అన్ని అడుగులుంటుంది. ఏడు అంగుళాలు కనిపిస్తే ఏడడుగుల గేటర్ అన్నమాట. ఈ లెక్క ఒంటపట్టడానికి నాకు ఒక సీజను పట్టింది.

చట్టం ప్రకారం 18 అంగుళాలు దాటితే చాలు. తినడానికైతే ఆరు నుంచి ఎనిమిది అడుగులది మేలు. పదడుగులు దాటినదాని కండ గట్టిగా ఉంటుంది, కొవ్వూ వాసనా ఎక్కువ. 1989లో ఆరెంజ్ లేక్‌లో పట్టినది 1,043 పౌన్లు తూగింది, రాష్ట్రంలో బరువు రికార్డు అదే. అలాంటివాటి ఫొటోలు చూసి పెద్దదాని వెంట పడేవాళ్ళుంటారు. నా మాట వినేవాళ్ళైతే పెద్దదాన్ని దాని సరస్సులోనే ఉండనివ్వండి. పైగా వయసు మీదపడ్డ పెద్ద జంతువుల ఒంట్లో పాదరసం ఎక్కువగా పేరుకుంటుంది. గర్భిణులకీ చిన్నపిల్లలకీ అడవి గేటర్ మాంసం నేను పెట్టను.

ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా గుడ్లు పిగిలే కాలం. తుంగ పొదల దగ్గర జానెడు పిల్లలు కిచకిచమంటూ కనిపిస్తే పక్కనే తల్లి ఉంటుంది. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చెయ్యండి. చట్టం అడ్డుపడకపోయినా నేనా తల్లిని ముట్టుకోను.

దక్షిణ ఫ్లోరిడాలో వేటాడేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. ప్రపంచంలో ఆలిగేటరూ క్రొకడైలూ కలిసి అడవిలో బతికేది అక్కడొక్కచోటే. అమెరికన్ క్రొకడైల్ చట్టరక్షణలో ఉన్న జంతువు. గేటర్ మూతి వెడల్పుగా, గుండ్రంగా, ఒళ్ళు నల్లగా ఉంటుంది. క్రొకడైల్ మూతి సన్నగా కోసుగా, ఒళ్ళు బూడిద పచ్చగా ఉంటుంది, నోరు మూసినా కింది దవడలోని నాలుగో పన్ను బయటికి కనిపిస్తుంది. ఏమాత్రం అనుమానం వచ్చినా లైటు ఆర్పి ముందుకు సాగిపోండి.

ముందు తాడు, తర్వాతే చావు

ఫ్లోరిడాలో విడిగా ఈదుతున్న గేటర్‌ని తుపాకీతో కాల్చడం నిషేధం. ముందు దానికి తాడు తగలాలి, తాడు మీ చేతిలో ఉండాలి, అప్పుడే చంపాలి. ఇది మంచి నియమం. కాల్చిన గేటర్ నీళ్ళలో మునిగిపోతుంది, దొరకదు, ఎవరికీ కాకుండా కుళ్ళిపోతుంది. ఎర గుచ్చిన గాలం కూడా ఇక్కడ కుదరదు. అది లూసియానా రాష్ట్రం పద్ధతి. అక్కడ కోడిమాంసమో చేపో గుచ్చిన గాలాన్ని కర్రకి వేలాడదీసి, మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తారు. ఫ్లోరిడాలో మీరే వెతుక్కుని, మీరే తాడు వెయ్యాలి.

కళ్ళ దాకా నేరుగా పోకుండా, కొంచెం పక్కగా, ట్రోలింగ్ మోటారు మీద నెమ్మదిగా సాగండి. లైటుని కళ్ళ మీద నిలపకుండా అంచున ఉంచండి. మాటలొద్దు, పడవలో మూత చప్పుడైనా వద్దు. చాలాసార్లు అది మునిగిపోతుంది. మునిగిందని వెనక్కి తిరగొద్దు. నీటి మీద వరసగా చిన్న బుడగలు లేస్తాయి, అది అడుగున నడిచే దారి అదే. బుడగల వరసకి కొంచెం ముందుకి, అవతలికి గాలం విసిరి, నెమ్మదిగా లాక్కోవాలి. బరువు తగిలినప్పుడు మోడుకి తగిలినట్టే ఉంటుంది. ఆ మోడు కదులుతుంది.

ఒక్క గాలాన్ని నమ్మొద్దు. గేటర్ పైకి రాగానే రెండో మనిషి హార్పూన్ వెయ్యాలి. మెడకీ వెనక కాళ్ళకీ నడుమ, పక్క తోలు మెత్తగా ఉన్నచోట చూసుకుని వెయ్యాలి. వీపు మీద ఎముక పలకలుంటాయి, హార్పూన్ జారిపోతుంది. హార్పూన్ ముల్లు దిగి తాడు తగిలాక దాన్ని అలిసిపోనివ్వండి. తాడుని చేతికి చుట్టుకోకండి. ఇది పదిసార్లు చెప్పినా తక్కువే. గిరగిరా ఒళ్ళు తిప్పినప్పుడు చుట్టుకున్న తాడు వేళ్ళు తెంపుకుపోతుంది.

అలాగని గంటల తరబడి పెనుగులాడనివ్వకూడదు కూడా. పెనుగులాట పెరిగేకొద్దీ కండలో ఆమ్లం పేరుకుంటుంది. జంతువుకీ నరకం, మాంసానికీ చేటు. రెండు తాళ్ళు గట్టిగా తగిలాక, పడవ పక్కకి తెచ్చి వెంటనే ముగించండి.

బ్యాంగ్ స్టిక్ అంటే చివర తూటా ఉండే కర్ర. దాన్ని తలకి ఆనించి నొక్కితేనే పేలుతుంది. తల వెనక, పుర్రె పలక ముగిసేచోట, మెదడు వైపు వాలుగా ఆనించాలి. కర్ర కొన నీటి మట్టం కింద ఉండగా పేల్చడం క్షేమం. పడవలో ఉన్న అందరికీ ఒక్కసారి గట్టిగా చెప్పి పేల్చండి. అవతల మనిషి చెయ్యి ఉందో లేదో చూడకుండా పేల్చే తొందరపాటు వద్దు.

కదలకుండా పడి ఉంటే చచ్చిపోయిందనుకోకండి. స్పృహ తప్పిన గేటర్ పడవలో లేచి కూర్చున్న సంఘటనలు కోకొల్లలు. ముందు మూతి మూసి టేపు చుట్టండి. దవడ మూసే బలం భయంకరంగా ఉంటుంది గానీ తెరిచే బలం తక్కువ, కాబట్టి నాలుగైదు చుట్లు టేపు ఆపుతుంది. తర్వాత తల వెనక కత్తి దించి వెన్నుపాము తెంపాలి. ఆ రంధ్రంలోంచి ముందుకి ఇనుప ఊచ దూర్చి మెదడుని నాశనం చెయ్యాలి. చదవడానికి కర్కశంగా ఉంటుంది. కానీ సగం చచ్చి బాధపడే జంతువుకి మనం చేయగలిగిన న్యాయం ఇదే. ఆ తర్వాత కూడా తోక కాసేపు కొట్టుకుంటుంది, అవి నరాల కదలికలు.

చంపిన వెంటనే, ఇంకే పనీ చెయ్యకముందే, తోక కొసకి ఆరంగుళాల లోపు ట్యాగు వేసి బిగించండి. 24 గంటల్లోగా వేట వివరాల ఫారం నింపి పంపాలి.

ఐసు

మొదటిసారి నా పేరు మీద పర్మిట్ వచ్చిన ఏడు, రేవులో గేటర్ పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటూ, వచ్చినవాళ్ళకి కథ చెబుతూ రెండు గంటలు గడిపాను. ఇంటికి తెచ్చి కోసేసరికి పొట్ట దగ్గర మాంసం వాసన మారింది. తోక దక్కింది గానీ మిగతాదంతా పారేశాను. ఒక జీవిని చంపి, దాని సగం ఒళ్ళు చెత్తలో పడేసిన ఆ పొద్దు ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది. మీరు అలా చెయ్యకండి.

రేవుకి రాగానే మంచినీళ్ళతో బురద పోయేలా కడగండి. పొట్ట కింద, చంకల్లో, తోక మొదట్లో ఐసు సంచులు పెట్టి, పైన కూడా కప్పి, గట్టి టార్పాలిన్ చుట్టండి. మాంసం వేడి ఎంత త్వరగా ఫ్రిజ్ చలికి, అంటే 4 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకి దిగితే అంత మంచిది. కోసే చోటు దూరమైతే దారిలో ఐసు మార్చండి.

తోలు ఒలవడం, కొవ్వు తీయడం

తోలు అమ్మాలనుకుంటే, కొనేవాడికి ఎలా కావాలో ముందే అడగండి. ఎక్కువగా పొట్ట తోలు ఏకంగా కావాలంటారు. వీపు పలకల పక్కగా గీత పెట్టి పొట్ట వైపు ఒలుస్తూ రావాలి. కత్తి మొన తోలు వైపు తిరక్కూడదు, చిన్న చిల్లు పడినా ధర సగం. ఒలిచిన తోలుకి అంటుకున్న మాంసం గీకేసి, సన్నటి ఉప్పు అంగుళం మందాన పట్టించి, గట్టిగా చుట్టి, చల్లగా ఉంచండి. రాళ్ళ ఉప్పు వాడొద్దు. తోలు మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, అందుకే ఇంతకన్నా చెప్పను. ఆ తోలుతో గానీ పుర్రెతో గానీ ఇండియాకి విమానం ఎక్కాలనుకుంటే సైటీస్ పత్రాలు లేకుండా కుదరదు.

మాంసం సంగతికొద్దాం. తోకలో ఎముక చుట్టూ పొడవుగా నాలుగు కండలుంటాయి. తెల్లగా, గట్టిగా, చేతికి కొర్రమీను నడుములా తగులుతాయి. ఇదే శ్రేష్ఠమైన భాగం. దవడల వెనక రెండు పక్కలా గుండ్రటి కండలుంటాయి, పిడికిలంత. తెలిసినవాళ్ళు వాటిని ఎవరికీ ఇవ్వరు. కాళ్ళ మాంసం, వీపు మాంసం ముదురు రంగు, నార ఎక్కువ. పక్కటెముకలు కూడా పారెయ్యక్కర్లేదు.

ఇక్కడ కూర్చోండి, కుర్చీ వేసుకుని కూర్చోండి. కొవ్వు తీయడం తొందరలో అయ్యే పని కాదు. మేక కొవ్వూ కోడి కొవ్వూ కూరకి రుచినిస్తాయి. గేటర్ కొవ్వు అలా కాదు. అడుగు బురద, చేప, పాచి అన్నీ కలిసిన వాసన దానిలోనే ఉంటుంది. తోక కండల మధ్య పసుపు కలిసిన తెలుపుతో దాక్కుని ఉంటుంది. కండల్ని వేళ్ళతో విడదీసి, ఒక్కో కండనీ వెలుతురులో తిప్పి చూసి, కనిపించిన ప్రతి చిన్న ముక్కా తీసెయ్యాలి. తర్వాత కండ మీది మెరిసే తెల్లపొర. కత్తిని దాని కిందకి పోనిచ్చి, చేప పొట్టు తీసినట్టు ఒక్క లాగులో తీయాలి. ఆ పొర ఉంచితే ఎంత ఉడికించినా రబ్బరే. నరాలు కూడా అంతే.

ఏడడుగుల తోక శుభ్రం చెయ్యడానికి నాకూ మా ఆవిడకీ కలిసి రెండు గంటలు పడుతుంది. కత్తులూ బల్లా బ్లీచు నీళ్ళతో కడగండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పాకే జంతువుల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. తీసిన మాంసాన్ని కిలో చొప్పున గాలి పోయేలా ప్యాక్ చేసి, తేదీ, ఏ భాగం అన్నది రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. బంధుమిత్రులకి పంచుకోవచ్చు. ఇంట్లో కోసిన మాంసాన్ని అమ్మకూడదు.

వేట వద్దు, రుచి మాత్రం చూడాలనుకునేవాళ్ళకి ఫ్లోరిడా, లూసియానాల్లో ఫారాల్లో పెంచిన గేటర్ తోక మాంసం గడ్డకట్టించి అమ్ముతారు. అది కూడా కరిగించాక మళ్ళీ ఒకసారి కొవ్వు వెతికి తీయండి.

వండడం

ఒక్క సూత్రం పట్టుకుంటే మిగతాది మీ చేతివాటం. తోక మాంసాన్ని అయితే రెండు మూడు నిమిషాలు వేపాలి, లేదంటే గంటన్నర ఉడికించాలి. మధ్యలో ఆపితే చెప్పు తోలు నమిలినట్టుంటుంది. ముక్కలు ఎప్పుడూ నారకి అడ్డంగా కొయ్యాలి. ఎలా వండినా లోపలిదాకా ఉడకాలి, ముక్క నడుమ 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. పచ్చిగా, సగం ఉడికించి తినే మాంసం కాదిది.

ఇక్కడివాళ్ళు చేసే వేపుడుతో మొదలుపెట్టండి. కిలో తోక మాంసాన్ని అంగుళం ముక్కలు చేసి, మాంసం కొట్టే సుత్తితో ఒక్కోటీ రెండు దెబ్బలు వెయ్యండి. ఉప్పేసిన చిక్కటి మజ్జిగలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి. మర్నాడు వడకట్టి, సగం మైదా, సగం సన్నటి మొక్కజొన్న పిండి, కారం, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఉప్పు కలిపిన పిండిలో దొర్లించండి. నూనె 175 డిగ్రీలకి కాగాక, మూకుడు నిండిపోకుండా కొన్ని కొన్ని వేసి మూడు నిమిషాలు. ఒక ముక్క విరిచి చూడండి, లోపల పూర్తిగా తెల్లబడి ఉండాలి. నిమ్మకాయ పిండి వేడివేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది.

లూసియానాలో ఫ్రెంచి మూలాలున్న కేజన్లు కాళ్ళ మాంసంతో సాస్ పీకాంట్ అనే పులుసు చేస్తారు. నూనెలో మైదాని సన్నని సెగ మీద వేరుశనగ ముద్ద రంగు వచ్చేదాకా వేపుతారు. అందులో ఉల్లిపాయ, సెలరీ, బెంగుళూరు మిరప తరిగి వేసి, టమాటాలు, కారం, మాంసం, నీళ్ళు పోసి రెండు గంటలు ఉడికిస్తారు. అన్నంలోకే తింటారు, మనకి కొత్తగా ఉండదు. అక్కడి కేథలిక్కులు ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్ ఉపవాస కాలంలో, మాంసం మానేసే శుక్రవారాల్లో కూడా గేటర్ తింటారు. 2010లో న్యూ ఆర్లీన్స్ ఆర్చ్‌బిషప్ గ్రెగరీ ఏమండ్ గేటర్ చేపల కోవలోకే వస్తుందని లేఖ రాసి మరీ చెప్పారు.

మా ఇంట్లో అందరూ ఎదురుచూసేది గోంగూర గేటర్ కోసం. గోంగూర ఫ్లోరిడాకి పరాయి మొక్క కాదు. ఇక్కడి పాతకాలం రైతులు దాని జాతి మొక్కనే ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ అని పిలిచి, ఎర్రటి కాయలతో జెల్లీ చేసుకునేవారు. వేట సీజనులో మా పెరట్లో గోంగూర నడుమెత్తున ఉంటుంది.

కిలో కాళ్ళ మాంసం లేదా వీపు మాంసం తీసుకోండి. పసుపు, ఉప్పు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచా కారం పట్టించి గంట ఉంచండి. కుక్కర్‌లో గ్లాసు నీళ్ళు పోసి ఐదారు కూతలు రానివ్వండి. గేటర్‌ని బట్టి మారుతుంది, ముక్క వేళ్ళతో విడిపోవాలి, అప్పటిదాకా ఆపొద్దు. ఉడికాక పైన తేలిన జిడ్డంతా గరిటెతో తీసెయ్యండి. మనం వదిలేసిన కొవ్వు అక్కడ బయటపడుతుంది. వేరే మూకుడులో నూనె కాచి, రెండు పెద్ద ఉల్లిపాయలు ఎర్రగా వేపి, ఆరు పచ్చిమిరపకాయలు, రెండు కట్టల గోంగూర ఆకు వేసి, ఆకు ముద్దయ్యేదాకా మగ్గించండి. అందులో మాంసం, ఉడికిన నీళ్ళు, ధనియాల పొడి, చిటికెడు గరం మసాలా వేసి, నూనె తేలేదాకా సన్నని సెగ మీద ఇగరనివ్వండి. చివర్న నాలుగు ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, కరివేపాకు తాలింపు.

గరం మసాలా ఎక్కువ వెయ్యొద్దు. కొవ్వు సరిగ్గా తీసి ఉంటే దాచాల్సిన వాసనేమీ ఉండదు, మాంసం సున్నితమైన రుచి మాత్రం మసాలా కింద మునిగిపోతుంది. కొబ్బరి, గసగసాలు కూడా దీనికి నప్పవు.

దవడ కండల్ని ఇందులో కలపకండి. వాటిని విడిగా, ఉప్పు, మిరియాలు, నెయ్యి, నిమ్మరసంతో పెనం మీద రెండు వైపులా కాల్చండి. నడుమ వేడి సరిపోయిందో చూసుకుని దించండి. మా ఇంట్లో అవి తాడు పట్టినవాళ్ళకి ఒకటి, కొవ్వు తీసినవాళ్ళకి ఒకటి.